పెద్దల మరణాలు పెరిగాయా, తగ్గాయా? ఖమ్మం-భద్రాచలం లెక్కల్లో మెలిక ఎక్కడ?

ఎండలు ముదిరాయంటే చాలు, ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఖబరస్థాన్‌ల దగ్గర, శ్మశానాల దగ్గర ఒకే మాట నడుస్తుంది: ‘ఈ ఏడాది పెద్దవాళ్లు ఎక్కువ మంది పోతున్నారు’. కొవిడ్ చూసిన కుటుంబాలకు ఆ మాట వింటేనే గుబులు. మరి నిజంగానే వృద్ధుల్లో మరణాల రేటు పెరిగిందా? దేశం మొత్తానికి జవాబు ఉంది. ఈ అడవి అంచు ప్రాంతానికి మాత్రం జవాబు అంత తేలిగ్గా దొరకదు. ఎందుకు దొరకదో అర్థమైతే, దానివల్ల నష్టపోతున్నది ఎవరో కూడా తెలుస్తుంది.

సంఖ్య వేరు, రేటు వేరు

ఒక ఊరిలో ఇరవై ఏళ్ల కిందట 60 దాటినవాళ్లు 100 మంది ఉన్నారనుకుందాం. ఏడాదిలో ఐదుగురు చనిపోయారు. ఇప్పుడు అదే ఊరిలో 60 దాటినవాళ్లు 200 మంది. ఏడాదిలో ఎనిమిది మంది చనిపోయారు. జనాజాలు మోసినవాళ్లకు మరణాలు పెరిగినట్టే కనిపిస్తుంది. కానీ వెయ్యికి లెక్కేస్తే అప్పుడు 50, ఇప్పుడు 40. అంటే రేటు తగ్గింది. పెద్దవాళ్ల సంఖ్య పెరిగింది కాబట్టే మరణాల సంఖ్య పెరిగింది.

దేశంలో జరుగుతున్నదీ చాలా వరకు ఇదే. జనాభాలో 60 ఏళ్లు పైబడినవారి వాటా 1961లో 5.6 శాతం ఉంటే 2011 జనగణన నాటికి 8.6 శాతానికి చేరింది. 60 ఏళ్లకు చేరిన మనిషి ఇంకా ఎన్నేళ్లు బతుకుతాడన్న సగటు 1970-75లో సుమారు 14 ఏళ్లు. 2014-18 నాటికి అది 18 ఏళ్లు దాటింది. అంటే మన తాతల తరంతో పోలిస్తే పెద్దల ఆయుష్షు పెరిగింది.

అన్ని వయసులనూ కలిపి చూపే సాధారణ మరణాల రేటు ఈ విషయంలో తప్పుదారి పట్టిస్తుంది. 2019 నమూనా నమోదు సర్వే ప్రకారం కేరళలో వెయ్యి మందికి 7.1 మరణాలు, బిహార్‌లో 5.5. దీన్ని చూసి కేరళ కన్నా బిహార్‌లో ఆరోగ్యం బాగుందని ఎవరైనా అంటారా? కేరళలో ముసలివాళ్లు ఎక్కువ, బిహార్‌లో పిల్లలు ఎక్కువ. అంతే తేడా. 60 దాటినవారిలో కూడా 62 ఏళ్ల మనిషి, 85 ఏళ్ల మనిషి ఒకటి కాదు. అందుకే నిపుణులు ఐదైదేళ్ల వయసు గుంపులుగా విడదీసి, ఏ గుంపుకు ఆ గుంపును పోలుస్తారు.

జిల్లా గీత మారితే లెక్కా మారింది

ఇక్కడే ఖమ్మం చిక్కు మొదలవుతుంది. పాత, కొత్త రేట్లు పోల్చాలంటే ప్రాంతం ఒకటే అయి ఉండాలి. ఖమ్మం జిల్లా 1953లో వరంగల్ నుంచి విడిపోయింది. అప్పటిదాకా తూర్పు గోదావరిలో ఉన్న భద్రాచలం ప్రాంతం 1959లో వచ్చి కలిసింది. 2014లో పోలవరం ముంపు పేరుతో కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం ఊరు తెలంగాణలో మిగిలింది, దాని చుట్టూ ఉన్న పల్లెలు అటు పోయాయి. 2016 అక్టోబర్ 11న మిగిలిన జిల్లా కూడా విడిపోయి భద్రాద్రి కొత్తగూడెం ఏర్పడింది.

2011 జనగణనలో ఖమ్మం జిల్లా జనాభా సుమారు 28 లక్షలు. అదే జనగణనను కొత్త హద్దులతో లెక్కిస్తే ఖమ్మంకు దాదాపు 14 లక్షలు, భద్రాద్రి కొత్తగూడెంకు 10.7 లక్షలు. పేరు ఒకటే, మనుషులు సగం. 2010 నాటి ‘ఖమ్మం’ను 2020 నాటి ‘ఖమ్మం’తో పోలిస్తే వచ్చే జవాబుకు విలువ లేదు. దానికి తోడు 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. ఒక్కో మండలంలో ఇవాళ 70 దాటినవాళ్లు ఎందరన్నది పదిహేనేళ్ల నాటి లెక్క మీద వేసే అంచనానే.

ఉండేది ఒకచోట, చావు నమోదు మరోచోట

చట్టం ప్రకారం మరణాన్ని జరిగిన చోటే నమోదు చేయాలి. భద్రాచలం దాటగానే ఎటపాక, అంటే ఆంధ్రప్రదేశ్. ఇంకొంచెం ముందుకెళ్తే ఛత్తీస్‌గఢ్, ఒడిశా. ఆ పల్లెల నుంచి రోగులు వైద్యానికి భద్రాచలమే వస్తారు. అక్కడ చనిపోతే మరణం భద్రాచలం రిజిస్టర్‌లో ఎక్కుతుంది. జనాభా లెక్కలో మాత్రం వాళ్లు వేరే రాష్ట్రం మనుషులు. దీంతో భద్రాచలంలో మరణాలు అసలు కంటే ఎక్కువగా కనిపిస్తాయి.

ఖమ్మంలో దీనికి తిరగబడ్డ లెక్క నడుస్తుంది. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ముదిరాక పెద్దవాళ్లను హైదరాబాద్ తీసుకెళ్తారు. అక్కడ ఇంతెఖాల్ అయితే నమోదు హైదరాబాద్‌లోనే. ఖబర్ మాత్రం సొంతూళ్లో. ఉండే ఊరి వారీగా లెక్కలను తిరిగి సర్దకపోతే రెండు చోట్లా రేటు తప్పే.

వయసు లెక్క మరో చిక్కు. పుట్టిన తేదీ కాగితం లేని తరం ఇది. అడిగితే ‘అరవై ఉంటాయి’, ‘డెబ్బై ఉంటాయి’ అంటారు. సున్నాలు, ఐదుల దగ్గర వయసులు కుప్పపడతాయి. 2021లో తెలంగాణ వృద్ధాప్య పెన్షన్ అర్హత వయసును 65 నుంచి 57కు తగ్గించింది. కాగితం మీది వయసు పెన్షన్‌ను తెచ్చిపెట్టేదైనప్పుడు, ఆ వయసును ఆధారం చేసుకునే మరణాల రేటును కాస్త జాగ్రత్తగానే చూడాలి.

ఎండ చంపిందని ఎవరు రాస్తారు?

సింగరేణి గనుల నేల అయిన కొత్తగూడెం, గోదావరి ఒడ్డున భద్రాచలం, ఖమ్మం పట్టణం తెలుగు నేల మీద అతి వేడి ప్రాంతాల్లోకి వస్తాయి. 2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి అధికారిక లెక్కల్లోనే దాదాపు రెండు వేల మంది చనిపోయారు. అయినా వడదెబ్బ అని రాసిన మరణాలు మొత్తంలో ఒక భాగమే. గుండె, కిడ్నీ, షుగర్ జబ్బులున్న పెద్దమనిషి ఎండకు తాళలేక రాత్రి ఇంట్లో ప్రాణం విడిస్తే అది గుండెపోటు అవుతుంది, లేదంటే ‘వయసైపోయింది’ అవుతుంది.

దీనికి విరుగుడు ‘మిగులు మరణాల’ లెక్క. కారణం పక్కన పెట్టి, ఆ నెలలో మామూలుగా ఎందరు చనిపోతారో, ఈసారి ఎందరు చనిపోయారో చూసి తేడా తీస్తారు. 2010 మేలో అహ్మదాబాద్‌లో పరిశోధకులు ఇలా లెక్కిస్తే 1,344 అదనపు మరణాలు తేలాయి. ఆ లెక్క చూశాకే 2013లో నగరానికి వేడి కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. 2003 ఎండల్లో ఫ్రాన్స్ కోల్పోయిన సుమారు 15 వేల మందిలో ఎక్కువమంది వృద్ధులేనని తెలిసింది కూడా ఇలాంటి లెక్కతోనే.

కొవిడ్‌కూ ఇదే కొలత వాడారు. దేశంలో నమోదైన మరణాలు 2019లో 76 లక్షలు, 2020లో 81 లక్షలు, 2021లో 1.02 కోట్లు. పెరుగుదలలో కొంత నమోదు మెరుగుపడటం వల్ల వచ్చిందే. అయితే ఒక్క ఏడాదిలో 21 లక్షలు పెరగడాన్ని దానితోనే సరిపెట్టలేం. 2020, 2021ల్లో కలిపి భారత్‌లో 47 లక్షల అదనపు మరణాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. కేంద్రం ఆ పద్ధతిని ఒప్పుకోలేదు. 2021లో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం రాసి ఇచ్చినవి నాలుగో వంతు కూడా లేవు. ఈ గొడవ తెగకపోవడానికి అది ఒక పెద్ద కారణం.

అడవి లోపలి మనుషులు

సగటు అన్నది ఒక్కోసారి అన్యాయం చేస్తుంది. గిరిజన ఆరోగ్యంపై కేంద్రం వేసిన నిపుణుల కమిటీ 2018 నివేదికలో గిరిజనుల సగటు ఆయుష్షు 63.9 ఏళ్లని, మిగతావారికి 67 అని చెప్పింది. భద్రాద్రి కొత్తగూడెం జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులే. ఖమ్మం పట్టణంలో మెరుగైన లెక్క, కోయ గూడెంలోని వెనుకబాటు కలిపి చూపిస్తే రెండోది కనపడకుండా పోతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటి, వంతెన మీద రాకపోకలు ఆగిన రోజుల్లో మందుల కోసం, వైద్యం కోసం ఇబ్బంది పడ్డ వృద్ధులు ఏ లెక్కలో ఉన్నారు? వరద మృతుల జాబితా మునిగినవాళ్లనే ఎక్కించుకుంటుంది.

కుటుంబం, మస్జిద్ కమిటీ చేయగల పని

ముస్లిం కుటుంబాల్లో తద్‌ఫీన్ అదే రోజు, మహా అయితే మర్నాడు ముగుస్తుంది. ఇంట్లో చనిపోతే డాక్టర్ చూడకుండానే అంతా అయిపోతుంది. పంచాయతీ గుర్తుకొచ్చేది విధవ పెన్షన్‌కో, బ్యాంకు డబ్బుకో, విరాసత్ పంపకానికో కాగితం అవసరమైనప్పుడే. 1969 చట్టం ప్రకారం 21 రోజుల్లోపు తెలియజేయాలి. ఇంట్లో జరిగిన మరణానికి ఆ బాధ్యత ఇంటి పెద్దది. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా తిరగాలి. పల్లెలో పంచాయతీ కార్యదర్శి, పట్టణంలో మున్సిపాలిటీ ఈ నమోదు చేస్తారు.

వడదెబ్బ విషయంలో ఆలస్యం నేరుగా నష్టం చేస్తుంది. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. కానీ కారణం నిర్ధారణ కావాలి. ఖననానికి ముందే వైద్యాధికారికి, తహసీల్దార్ కార్యాలయానికి చెప్పకపోతే తర్వాత రుజువు చేయడం కష్టం.

ఖబరస్థాన్ రిజిస్టర్ కూడా చిన్న విషయం కాదు. 1662లో లండన్ వ్యాపారి జాన్ గ్రాంట్ చర్చి పరిధుల్లో రాసిన మరణాల చిట్టాలను కూర్చి చూడటంతోనే జనాభా శాస్త్రం మొదలైంది. పేరు, వయసు, ఉండే ఊరు, చనిపోయిన ఊరు, తేదీ, తెలిసిన జబ్బు: ఈ ఆరు గడులున్న నోట్‌బుక్ ప్రతి మస్జిద్ కమిటీ దగ్గర ఉంటే, పదేళ్లలో ఆ పట్టణానికి సర్కారు దగ్గర లేని చిత్రం తయారవుతుంది. ఏ వేసవిలో ఎందరు పెద్దలు పోయారు, ఏ బస్తీలో ఎక్కువ పోయారు అన్నది చూపించి నీళ్లు, డాక్టర్, చల్లని నీడ అడగవచ్చు. చేతిలో లెక్క ఉన్న బస్తీ మాటను తోసిపుచ్చడం ఏ అధికారికీ సులువు కాదు.