పట్టూ విడుపూ

తెలుగులో ‘పట్టువిడుపులు’ అనే చక్కని జంటపదం ఉంది. మోటారుసైకిలు క్లచ్చుకు ఇంతకన్న తగిన పేరు నాకు తోచదు. ఇంజనుకూ గేరుపెట్టెకూ నడుమ నిలిచి పట్టుకోవడం, విడవడం, అంతే దాని పని. చమత్కారమేమంటే, చేతితో మనం క్లచ్చు పడితే లోపల అది విడుస్తుంది; మనం విడిస్తే అది పట్టుకుంటుంది. దానికి వచ్చే రోగాలూ ప్రధానంగా రెండే: పట్టు చాలకపోవడం, విడుపు లేకపోవడం. ఈ రెంటినీ కలగాపులగం చేసి మాట్లాడటం ఎంత అనర్థమో అనుభవం మీద తెలిసింది.

నా దగ్గర 1989 నాటి బుల్లెట్ 350 ఉంది. కుడికాలితో గేర్లు వేసే పాతకాలపు బండి. నిరుడు మార్చి ఎండలో మా ఊరి రైలుగేటు దగ్గర ఆగి ఉన్నాను. గేటు తీస్తున్నారు గదా అని క్లచ్చు పూర్తిగా పట్టి మొదటి గేరు వేశాను. క్లచ్చు వదలనేలేదు, బండి తనంత తానే ముందుకు పాకింది. బ్రేకు అందుకొనేలోగా ముందున్న సైకిలు వెనుకచక్రానికి తగిలింది. దానిమీద పన్నెండు పదమూడేళ్ళ బడిపిల్ల. పడలేదు, కాలు ఆనించి నిలదొక్కుకుంది. పుస్తకాల సంచి మాత్రం పట్టాల పక్కన పడింది. “ఫర్వాలేదు తాతగారూ” అని తానే నన్ను ఓదార్చింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మరునాడు పెద్ద షాపుకు వెళ్ళి “క్లచ్చు సరిగా లేదు” అన్నాను. “ప్లేట్లు అరిగాయి సార్” అని విప్పకుండానే తేల్చారు. కొత్తవి వేసి రెండువేల పైచిలుకు పుచ్చుకున్నారు. నాలుగోనాడు బండి వేడెక్కగానే మళ్ళీ అదే పాకుడు.

వారిని తిట్టుకున్నాను. తరువాత ఆలోచిస్తే సగం దోషం నాదేననిపించింది. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లల వాక్యాల కింద ఎర్రసిరాతో ‘అస్పష్టం’ అని రాసినవాణ్ణి. “సరిగా లేదు” అన్నది ఏపాటి వాక్యం? ఎప్పుడు, ఎక్కడ, ఏమి చేస్తే అన్నది అందులో లేదు. ప్లేట్లు అరిగితే పట్టు తగ్గుతుంది. ఇంజను రొద పెరుగుతుంది గాని బండి వేగం పెరగదు, మిట్ట ఎక్కేటప్పుడు బాగా తెలుస్తుంది. దానిని ‘జారుతోంది’ అంటారు. నా బండిది తద్విరుద్ధం. క్లచ్చు పట్టినా లోపలి ప్లేట్లు విడివడవు, గేరు వేస్తే టక్కుమంటుంది, ఆగినచోట న్యూట్రలు దొరకదు. దీనికి మాట ‘పట్టేసింది’. ఈ రెండు మాటలలో ఒకటి చెప్పి ఉంటే అరగని ప్లేట్లకు డబ్బు పోసేవాణ్ణి కాను.

తరువాత వెళ్ళినది చింతచెట్టు కింది చిన్న కొట్టుకు. ఆ కుర్రవాడు పానా ముట్టుకొనే ముందు అడిగాడు: “మాస్టారూ, పొద్దున్నే తీసినప్పుడా, బండి వేడెక్కాకా?” ప్రశ్న అంటే అదీ! ఉదయం మాత్రమే అయితే, రాత్రంతా నిలిచిన బండిలో నూనెకు ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కున్నాయన్నమాట. ఈ బండిలో కిక్కు క్లచ్చు మీదుగానే సాగుతుంది గనుక, స్టార్టు చేయకముందే క్లచ్చు పట్టి నాలుగు కిక్కులు కొడితే అవి ఊడివస్తాయి, పైసా ఖర్చులేదు.

నాది వేడి మీద వచ్చే జబ్బు. అతడు మొదట లివరు దగ్గర వదులు చూశాడు. రెండు మూడు మిల్లీమీటర్లు చాలునట. మరీ ఎక్కువైతే ఎంత లాగినా ఆ లాగుడు లోపలికి అందదు. తరువాత కేబులు: పోగులు తెగాయా, తొడుగులో బిరుసుగా కదులుతోందా అని. ఆపైన ఎడమవైపు చైన్ కేసులోని నూనె: మరీ చిక్కనిది పోసినా ప్లేట్లు విడవవు. అవన్నీ బాగున్నాయని తేలాకనే మూత విప్పాడు.

క్లచ్చులో రాపిడి పూత ఉన్న ప్లేట్ల నడుమ ఉత్త స్టీలు ప్లేట్లుంటాయి. వాటిని ఒక్కొక్కటే తుడిచి, అద్దం పలకమీద పరచి, అంచుకింద పలుచని రేకు దూర్చి చూశాడు. ఒకదానికింద రేకు సులువుగా దూరిపోయింది. ఆ ప్లేటు వంగి ఉంది! వంగినది పక్కవాటిని రాచుకుంటూనే ఉంటుంది, ఇక విడుపు ఎక్కడిది? షాపువారు దానికి అటూ ఇటూ కొత్తవి పేర్చి, దానిని మాత్రం భద్రంగా యథాస్థానంలో బిగించారు.

నేననేది ఇంతే. మరమ్మతు చేతి నుంచి మొదలై లోపలికి పోవాలి, చవకైన కారణం నుంచి ఖరీదైనదానికి పోవాలి. చూడకుండా ‘మార్చేద్దాం’ అనడం వైద్యం కాదు, వ్యాపారం. విప్పిన పాత సామాను చూపించమని అడగడం అమర్యాద కూడా కాదు. నేను మొహమాటపడ్డాను.

ఒక్క ప్లేటు, కాస్త నూనె, అతడి కూలి అన్నీ కలిపి ఆరువందలు దాటలేదు. మా మనవడు విద్యుత్ స్కూటరు కొనమంటాడు, దానికి క్లచ్చే లేదట. కొననీ, చూద్దాం. ప్రస్తుతానికి గేటు దగ్గర మొదటి గేరులో క్లచ్చు పట్టి నిలిస్తే బుల్లెట్టు కదలకుండా నిలుస్తోంది. అయినా ముందు సైకిలుంటే రెండు గజాలు వెనకనే ఆపుతున్నాను.