అద్దానికి బ్లూటూత్ ఉంది, నాన్న ముఖానికే వెలుతురు లేదు

బాక్స్ మీద రాసినవి చదువుతుంటే అచ్చం ఫోన్ లాంచ్ ఈవెంట్‌లానే అనిపించింది. టచ్ కంట్రోల్, మూడు రంగుల లైట్, డిమ్మర్, ఆవిరి పట్టకుండా వెనకాల హీటింగ్ ప్యాడ్, బ్లూటూత్ స్పీకర్, మూలన డిజిటల్ గడియారం. ధర 14 వేల పైచిలుకు.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో ఖమ్మంలో మా ఇంటి బాత్రూం మొత్తం పగలగొట్టి మళ్లీ కట్టించాం. పైపు లీకై పక్క గది గోడకి చెమ్మ ఎక్కడంతో మొదలైన పని అది. టైల్స్ అమ్మ సెలెక్ట్ చేసింది, కుళాయిలు నాన్న చూసుకున్నారు. "లైట్లు, అద్దం నువ్వు చూడరా, ఇలాంటివి నీకు తెలుస్తాయిగా" అని అవి మాత్రం నాకు వదిలేశారు. రోజూ గ్యాడ్జెట్లు రివ్యూ చేసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? నాలుగు స్పెక్ షీట్లు ముందేసుకుని, ఎక్కువ ఫీచర్లున్న ఎల్ఈడీ అద్దం ఆర్డర్ పెట్టేశా.

దసరాకి ఇంటికెళ్లేసరికి నాన్న దవడ కింద రెండు చోట్ల తెగిన గాట్లున్నాయి. ఎడమ చెంప మీద ఒక పట్టీలా తెల్ల గడ్డం మిగిలిపోయింది. ఆయన ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. తెల్లవారుజాము డ్యూటీ ఉన్నా సరే, నున్నగా గడ్డం గీసుకోకుండా గడప దాటిన మనిషి కాదు. ఏమైంది నాన్నా అంటే "బ్లేడు మొద్దుబారిందిలేరా" అన్నారు. అసలు సంగతి వంటింట్లో అమ్మ చెప్పింది. "బ్లేడూ లేదు, గీడూ లేదు. ఆ అద్దంలో మీ నాన్నకి ముఖం సరిగ్గా కనపడట్లేదురా. నువ్వు అంత డబ్బు పోసి తెచ్చావని నీకు చెప్పట్లేదు. పది రోజుల నుంచి సెలూన్‌కే పోతున్నారు."

ఈ మాట విన్నాక ఆ రాత్రి బాత్రూం తలుపేసుకుని, మొదటిసారి ఆ అద్దాన్ని నిజంగా రివ్యూ చేశా.

చేసింది పెద్ద టెస్టేం కాదు. అద్దంలో కనిపిస్తున్న నా ముఖాన్ని ఫోన్‌తో ఒక ఫోటో తీశా. అద్దం చుట్టూ వెలుగు వలయం సూపర్‌గా వచ్చింది. మధ్యలో నా ముఖం మాత్రం, సూర్యుణ్ని వెనకాల పెట్టుకుని దిగిన గ్రూప్ ఫోటోలోలా నల్లగా ఉంది. కారణం సింపుల్. బ్యాక్‌లిట్ అద్దంలో ఎల్ఈడీ స్ట్రిప్ అద్దం వెనకాల ఉంటుంది, వెలుతురు గోడ మీద పడుతుంది. గోడ మీంచి తిరిగొచ్చిందే మన ముఖానికి దిక్కు. మా గోడకేమో అమ్మ ముచ్చటపడి వేయించిన ముదురు బూడిద రంగు టైల్స్, వచ్చిన వెలుతురులో సగం అవే మింగేస్తున్నాయి. ఇక మిగిలింది సీలింగ్ లైట్. అది నెత్తి మీద నుంచి పడుతుంది కాబట్టి కనుబొమల కింద, ముక్కు కింద, గడ్డం కింద నీడలే. నాన్న కోసుకున్నది సరిగ్గా ఆ నీడలోనే.

ఇంకో విషయం నేను అస్సలు లెక్కలోకి తీసుకోలేదు. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి లెన్స్ పసుపెక్కుతుంది. ఇరవై ఏళ్ల వాళ్ల రెటీనాకి చేరే వెలుతురులో అరవై ఏళ్ల వాళ్లకి చేరేది సుమారు మూడో వంతే. నాకు 'మంచి యాంబియెన్స్' అనిపించిన చోట నాన్నకి మసక చీకటి. మనం ఫోన్ రివ్యూ చేసేటప్పుడు మన కంటికి, మన చేతికి సరిపోతే చాలు. ఇంట్లో లైట్ అలా కాదు.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తున్నా: బాత్రూంలో అద్దం దగ్గరికి లైట్ కొంటుంటే స్మార్ట్ అద్దాలు పక్కన పెట్టండి. మామూలు అద్దం, దానికి రెండు పక్కలా ముఖం ఎత్తులో రెండు మామూలు లైట్లు. ఇంతకు మించిన సెటప్ లేదు. సినిమా మేకప్ రూముల్లో అద్దం చుట్టూ బల్బులు పెట్టేది షోకి కాదు. కుడి లైట్ వేసే నీడని ఎడమ లైట్ చెరిపేస్తుంది, ఎడమ లైట్ వేసేదాన్ని కుడి లైట్.

మరి ఏ బల్బ్? ఇక్కడ మనవాళ్లంతా చేసే పొరపాటు, ల్యూమెన్స్ ఒక్కటే చూడటం. ల్యూమెన్స్ అంటే కెమెరాలో మెగాపిక్సెల్స్ లాంటివి, అవసరమే కానీ అసలు కథ అక్కడ లేదు. చీర కొనేటప్పుడు అమ్మలు షాపు బయటికి తీసుకొచ్చి ఎండలో చూస్తారు గుర్తుందా? వాళ్లు చేస్తున్నది సీఆర్ఐ టెస్టే. ఒక లైట్ కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే నంబర్ అది, గరిష్ఠం 100. మామూలు ఎల్ఈడీల్లో 80 దాకా ఉంటుంది, ముఖం చూసుకునే చోట మాత్రం 90 దాటాలి. అందులోనూ ఒక మెలిక ఉంది. ఆ నంబర్‌ని ఎనిమిది లేత రంగుల సగటుతో లెక్కిస్తారు. ముదురు ఎరుపుని కొలిచే ఆర్9 అందులో లేదు. తెల్ల ఎల్ఈడీ అంటే లోపల నీలం చిప్, పైన పసుపు పొడి పూత. ఆ నీలం చిప్ కనిపెట్టినందుకే 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. చవక బల్బుల్లో ఈ మిశ్రమానికి ఎరుపు బాగా తక్కువ. మన చర్మానికి జీవం ఇచ్చేది ఎరుపే కదా, అది లేకపోతే ఎవరి ముఖమైనా జ్వరం తగిలినట్టు పాలిపోయి ఉంటుంది.

దీపావళికి వెళ్లేముందు హైదరాబాద్‌లో కోఠి దగ్గర ట్రూప్ బజార్‌కి వెళ్లా. సీఆర్ఐ అని అడిగితే మొదటి రెండు షాపుల్లో వింతగా చూశారు. దాంతో బల్బులు వరసగా వెలిగించమని ఒక్కోదాని కింద అరచెయ్యి పెట్టి చూశా. నమ్మండి, తేడా కళ్లకి కనిపిస్తుంది. ఒకదాని కింద చెయ్యి మైనం బొమ్మదిలా ఉంటే, పక్కదాని కింద మన చెయ్యే. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి బల్బ్ వైపు కూడా ఒకసారి చూడండి. నల్లటి చారలు పరిగెడుతుంటే ఫ్లికర్ ఉన్నట్టు. అమోలెడ్ స్క్రీన్‌లో పీడబ్ల్యూఎం గురించి పేజీలు పేజీలు వాదించుకునే మనం, అర అడుగు దూరంలో వెలిగే బల్బుని ఎందుకు వదిలేయాలి?

చివరికి తెచ్చినవి పాల రంగు గాజు కవర్లున్న రెండు వాల్ లైట్లు, ఒక్కోటి అడుగు పొడవు. నిలువుగా పొడవున్నది ఎందుకంటే అమ్మ అయిదడుగులు, నాన్న అయిదున్నర. ఒకే ఎత్తులో గుండ్రటి లైట్ పెడితే ఇద్దరిలో ఒకరికి తేడా కొడుతుంది. లోపల మామూలు హోల్డర్, 7 వాట్ల బల్బులు, 4000 కెల్విన్, సీఆర్ఐ 90. మన ఇళ్లల్లో ఎక్కువగా కనిపించే 6500 కెల్విన్ తెలుపు ముఖానికి మరీ నీలంగా ఉంటుంది. 2700 హాయిగా ఉంటుంది కానీ గడ్డం గీసుకోవడానికి అంత పనికిరాదు.

నీళ్ల గురించి భయపడేవాళ్లకి ఒక మాట. ఫోన్‌లా ఐపీ68 అక్కర్లేదు. వాష్‌బేసిన్ దగ్గర చిందే నీళ్లకి ఐపీ44 సరిపోతుంది, షవర్ పడే చోట ఐపీ65 తీసుకోండి. మెటల్ బాడీ ఉంటే ఎర్త్ వైర్, ఇంటికి 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ. ఈ రెండింట్లో బేరాలొద్దు.

వైరింగ్ దగ్గర నాకు అదృష్టం కలిసొచ్చింది. టైల్స్ వేసేశాక పక్క గోడకి కొత్తగా గాడి కొట్టడం అంటే మళ్లీ పగలగొట్టడమే. ఎలక్ట్రీషియన్ అన్న అద్దం వైపు కాసేపు చూసి, "తమ్ముడూ, ఈ అద్దానికీ గోడకీ మధ్య అంగుళం సందుంది, దీని వెనక నుంచే రెండు వైపులా లాగేద్దాం" అన్నాడు. ఆ అద్దం డిజైన్ నాకు పనికొచ్చింది అక్కడే.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి నాన్న గీసుకోవడం అయిపోయింది. టవల్ భుజాన వేసుకుని హాల్లో పేపర్ చదువుతున్నారు. "బల్బులు ఎంతరా?" అని మాత్రం అడిగారు.

స్మార్ట్ అద్దం సంగతంటారా. సబ్బు చేత్తో తాకితే దాని టచ్ బటన్ మాట వినదు, వింటే రంగు మార్చేస్తుంది. తడి వేలితో ఫోన్ లాక్ తియ్యడం ఎలా ఉంటుందో మీకు తెలుసుగా. కరెంట్ పోయి వస్తే సెట్టింగులన్నీ మళ్లీ మొదటికి. బ్లూటూత్‌లో ఎవరూ పాట విన్న పాపాన పోలేదు. ఏడాది వారంటీ అయిపోయిన మూడు వారాలకి లైట్ మొత్తం ఆరిపోయింది. ఆ సంగతి నాన్న ఫోన్ చేసి చెప్పలేదు కూడా, నేను వెళ్లినప్పుడు చూశా. అమ్మిన కంపెనీకి మెయిల్ పెడితే లోపలి పార్టులు విడిగా ఇవ్వం, అద్దం మొత్తం కొత్తది కొనుక్కోమన్నారు. అదే ఎలక్ట్రీషియన్ అన్న వెనక మూత తీస్తే స్ట్రిప్ బాగానే ఉంది, పోయింది 12 వోల్టుల డ్రైవర్ ఒక్కటే. బయట దొరికే డ్రైవర్ వేసి, తన కూలీతో కలిపి 600 తీసుకున్నాడు. సీల్ చేసిన బ్యాటరీల మీద మనం తిట్టుకునే తిట్లన్నీ ఆ రోజు నాకు గుర్తొచ్చాయి. హోల్డర్‌లో బల్బ్ పోతే వీధి చివర షాపులో కొత్తది తెచ్చి అమ్మే మార్చేస్తుంది.

ఇప్పుడు ఆ అద్దం లైట్‌ని బాగా తగ్గించి రాత్రిపూట బెడ్‌లైట్‌లా వదిలేస్తున్నారు. "రాత్రి లేచినప్పుడు కళ్లలో పొడవకుండా బాగుందిరా" అంటారు నాన్న. 14 వేల నైట్ ల్యాంప్.

వాష్‌బేసిన్ మూలకి ఆనుకుని ఉండి పక్కన జాగా లేదంటే, అద్దం పైన దాని వెడల్పంతా వచ్చే పొడవాటి లైట్, గోడ నుంచి కాస్త ముందుకి ఉండేది తీసుకోండి. గడ్డం కింద నీడ కొంచెం మిగులుతుంది, బేసిన్ తెల్లదైతే అదీ తగ్గుతుంది. జాగా ఉండి, మీ ఇంట్లో టైల్స్ ఇంకా పడకపోతే మాత్రం మేస్త్రీ వచ్చేలోపే అమ్మానాన్నల్ని గోడ ముందు నిలబెట్టి, కళ్ల ఎత్తులో రెండు వైపులా పెన్సిల్‌తో గుర్తులు పెట్టేయండి.