బిడ్డ జబ్బుకు కోడలే కారణమా? మైటోకాండ్రియా వ్యాధుల్లో సగమే తెలిసిన నిజం

బ్రిటన్‌లోని న్యూకాజిల్‌లో ముగ్గురి డీఎన్ఏతో ఎనిమిది మంది పిల్లలు పుట్టారని 2025 జూలైలో అక్కడి డాక్టర్లు ప్రకటించారు. తల్లి నుంచి బిడ్డకు మైటోకాండ్రియా జబ్బు రాకుండా, మరో మహిళ దానం చేసిన అండం సాయం తీసుకున్నారు. 2015లోనే బ్రిటన్ దీనికి చట్టం చేసింది. వార్త మంచిదే. కానీ "జబ్బు తల్లి నుంచే వస్తుంది" అన్న ఒక్క ముక్కే జనానికి గుర్తుండిపోతే ప్రమాదం. ఆ నింద పడేది కోడలి మీదే.

మైటోకాండ్రియా అంటే మన కణాల్లో శక్తిని తయారుచేసే భాగాలు. అవి సరిగా పనిచేయకపోతే శక్తి ఎక్కువ వాడే కండరాలు, మెదడు, నరాలు ముందు దెబ్బతింటాయి. కనురెప్పలు వాలిపోవడం, కొంచెం నడిస్తేనే అలసట, ఫిట్స్, చిన్న వయసులోనే స్ట్రోక్ లాంటివి కనిపిస్తాయి. సుమారు 5,000 మందిలో ఒకరికి ఈ జబ్బులు ఉంటాయని అంచనా.

ఇందులో రెండు ఖాతాలున్నాయి. మొదటిది తల్లి ఖాతా. మైటోకాండ్రియాకు సొంతంగా 37 జన్యువులుంటాయి, అవి తల్లి నుంచే వస్తాయి. నానీ, అమ్మీ, ఖాలా, మామూ అందరిలో ఒకే లోపం ఉండొచ్చు. మామూ మాత్రం తన పిల్లలకు దాన్ని ఇవ్వడు. లోపం పాళ్లు మనిషి మనిషికీ మారతాయి కాబట్టి తల్లి ఆరోగ్యంగా ఉండి బిడ్డ మంచం పట్టొచ్చు.

రెండోది జాయింట్ అకౌంట్. మైటోకాండ్రియాకు కావలసిన ప్రొటీన్లలో ఎక్కువ భాగం అమ్మా నాన్నా ఇద్దరూ ఇచ్చే మామూలు జన్యువుల నుంచి తయారవుతాయి. పిల్లల్లో కనిపించే చాలా కేసులు ఈ రకమే. ఇద్దరిలోనూ ఒకే జన్యువులో లోపం దాగి ఉంటే, ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. దగ్గరి చుట్టాల్లో పెళ్లయితే ఆ రెండు లోపాలు కలిసే ఛాన్స్ పెరుగుతుంది. మన ఖాలా, ఫుప్పూ పిల్లల సంబంధాలకూ, పక్కింటి వాళ్ల మేనరికానికీ ఇదే లెక్క.

అందుకే "కోడలిని పంపించేసి అబ్బాయికి రెండో పెళ్లి చేద్దాం" అనడం పరిష్కారం కాదు. అబ్బాయి జన్యువు అబ్బాయితోనే ఉంటుంది. కొత్త అమ్మాయిని కూడా అదే ఖాన్‌దాన్ నుంచి తెస్తే భయం మళ్లీ మొదటికొస్తుంది.

న్యూకాజిల్ పద్ధతి మొదటి ఖాతాకే పనికొస్తుంది. ఇప్పటికే పుట్టిన బిడ్డకు అది వైద్యం కాదు. మనం చేయగలిగింది ఏ ఖాతాలో లోపం ఉందో జన్యు పరీక్షతో తేల్చుకోవడం. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు రెండు వైపులా మూడు తరాల వివరాలు రాసుకెళ్లండి. అమ్మ తరఫున చాలామందికి షుగర్‌తో పాటు చెవుడు కూడా ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పండి, అదొక ముఖ్యమైన ఆనవాలు.

పరీక్షకు భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లాలి. రిపోర్టు చేతికి రాకముందే ఇంట్లో ఎవరి మీదా తీర్పు చెప్పకండి.