వెలగని పొయ్యి, నిండని భిక్షాపాత్ర

2022 మార్చి చివర్లో శ్రీలంకలో రోజుకు 13 గంటల దాకా కరెంటు కోతలు పెట్టారు. వంటగ్యాస్, కిరోసిన్ కోసం జనం క్యూల్లో పడిగాపులు కాశారు. మే నెలలో వెసాక్ వచ్చింది. దీపతోరణాలు తగ్గాయన్న బాధ కంటే మమ్మల్ని ఆలోచింపజేసింది దానం సంగతి. అక్కడ భిక్షువులకు ఊరి ఇళ్లే వంతులవారీగా భోజనం పెడతాయి. ఇంట్లో పొయ్యి వెలగకపోతే విహారంలో పాత్ర నిండదు.

అన్ని విహారాలూ ఒకటి కావు. (బౌద్ధంలో కులమా అని ఆశ్చర్యపోయే మిత్రులు మనలోనూ ఉన్నారు!) 1753లో మొదలైన సియాం నికాయ కొద్దికాలానికే ఉపసంపదను గోవిగమ కులానికి పరిమితం చేసింది. అందుకే సలాగమ కులస్తులు బర్మా వెళ్లి దీక్ష తెచ్చుకున్నారు. అమరపుర నికాయ అలా పుట్టింది. రాజులిచ్చిన మాన్యాలున్న క్యాండీ విహారాలు కరువును కొంతకాలం తట్టుకోగలవు. కింది కులాల పల్లె విహారానికి దినకూలీ ఇల్లే దిక్కు. సంక్షోభం మీద మేం చదివిన విశ్లేషణల్లో ఈ తేడా ఎక్కడా కనబడలేదు.