ముసురులో పెన్షనరు

నెల్లూరు, ఒంగోలు వైపు అసలు వానలంటే ఆశ్వయుజ కార్తీకాలవే. ఈశాన్య రుతుపవనాలు తెచ్చే ముసురు పట్టిందంటే ఓ పట్టాన వదలదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ గొడుగేసుకుని ఆఫీసుకు పోయేవాళ్లం, ఇంట్లో ఏం జరిగేదో పట్టేది కాదు. రిటైరయ్యాక ముసురంతా ఇంట్లోనే. ఆరని బట్టలకు గదిగదికీ తాళ్లు, మెత్తబడిన అగ్గిపెట్టె, నీరుగారిన ఉప్పుజాడీ, పురుగు పట్టకుండా కాపాడాల్సిన కందిపప్పు డబ్బా... ఇంటావిడ ఇన్నేళ్లుగా చేస్తున్న ఉద్యోగం అప్పటికి గానీ కళ్లకు కనబడదు. ఆవిడకు రిటైర్మెంటు లేదన్న సంగతీ అప్పుడే తెలిసొస్తుంది. కాఫీ మనమే కలిపిస్తే పెన్షనేమీ తగ్గదు.

నడక మానక్కర్లేదు, వరండా చాలు. తడి గొడుగు ఆరబెట్టిన చోట మాత్రం జాగ్రత్త. దాహం వేయలేదని మంచినీళ్లు మానేయడమూ మంచిది కాదు.

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నవంబరు సరిగ్గా ఈ వానల్లోనే వస్తుంది. బతికే ఉన్నామని చెప్పుకోవడానికి తడిసి జ్వరం తెచ్చుకోవడమెందుకు? 2014 నుంచీ జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ ఉంది. అరిగిన వేళ్లకు ముద్ర పడకపోతే ఫోనులో ముఖం చూపించినా చాలు. కొద్ది రుసుముకు పోస్ట్‌మ్యానే ఇంటికొచ్చి చేసిపెడతాడు. 80 ఏళ్లు దాటినవారికి అక్టోబరు 1 నుంచే సర్టిఫికెట్ ఇచ్చే వీలుంది.

మీ వీధిలో స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవారుంటే, నవంబరులో ఒక పది నిమిషాలు వాళ్లకివ్వండి.