బయోగ్యాసు ట్యాంకును పాత ఇనుముకు అమ్మవద్దు

కొంచెం పొడుగు రాత, ఓపికగా చదవండి.

మన కల్యాణ మండపం వెనక ఉన్న బయోగ్యాసు ట్యాంకును పాత ఇనుము వ్యాపారికి ఇచ్చేసి, ఆ చోట బండ్లకు షెడ్డు వేద్దామని వచ్చే మహాసభలో తీర్మానం పెడుతున్నారు. మేము దీన్ని ఒప్పుకోము. మేము అంటే రైల్వేలోనూ కరెంటు ఆఫీసులోనూ గుమాస్తాగిరీ చేసి రిటైరై, సాయంత్రం మండపం అరుగు మీద కూర్చునే నలుగురం. తమిళ బడిలో చదివి, తెలుగు ఇంట్లో నేర్చుకున్నవాళ్లం. సైన్సు పట్టాలు లేవు. కానీ ట్యాంకు ఎందుకు మొరాయిస్తుందో అడిగి, చదివి, దగ్గరుండి చూసి తెలుసుకున్నాం.

మొదటి ఫిర్యాదు: "డ్రమ్ము లేస్తోంది, మంట రావడం లేదు." ట్యాంకు లోపల రెండు జట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. ఒక జట్టు అన్నాన్ని, పాయసాన్ని విరగ్గొట్టి ఆమ్లాలు చేస్తుంది. రెండో జట్టు ఆ ఆమ్లాల నుంచి మీథేన్ చేస్తుంది. మొదటిది గంటల్లో పెరుగుతుంది, రెండోదానికి రోజులు కావాలి. ఆడి నెలలో పెళ్లిళ్లు లేవు, ట్యాంకు పస్తు. ఆవణి పుట్టగానే వారంలో మూడు ముహూర్తాలు. మిగిలిన సాంబారు, రసం, మజ్జిగ, పిండిన నిమ్మకాయలు అన్నీ ఒక్క రాత్రిలో గుమ్మరిస్తారు. నెల రోజులు పస్తున్నవాడికి మూడు విందులు ఒకేసారి తినిపిస్తే కడుపు ఊరుకుంటుందా? 7 దగ్గర ఉండాల్సిన పి.హెచ్. 6.5 కిందికి జారితే రెండో జట్టు పడకేస్తుంది. అప్పుడు వచ్చే గ్యాసులో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడు. అది ఎట్లా మండుతుంది?

దీనికి మందు ఉంది. వారం పది రోజులు మేత ఆపాలి. పి.హెచ్. కాగితంతో చూసుకుంటూ సున్నపు నీళ్లో వంటసోడానో కొద్దికొద్దిగా వెయ్యాలి. పచ్చి పేడ నీళ్లు కలపాలి. మంట నీలంగా మండాక పావు వంతు మేతతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి.

రెండో ఫిర్యాదు: వాసన. కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడుది. బర్నరును తినేసేదీ అదే. ఇనుప తురుము నింపిన గొట్టం గుండా గ్యాసును పంపితే చాలావరకు అక్కడే ఆగుతుంది. ఆ తురుమును అప్పుడప్పుడు మార్చాలి. మార్చగా చూసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి. మంట ఎగిరెగిరి పడుతోందంటే గొట్టంలో నీళ్లు చేరాయని. పల్లంలో వాల్వు తిప్పితే పోతాయి.

మూడోది, ఎవరూ చెప్పనిది. హాలు కడిగిన బ్లీచింగు, ఫినాయిలు నీళ్లు కాలువ గుండా ఈ ట్యాంకులోకే వెళ్తున్నాయి. బ్లీచింగు పని క్రిములను చంపడం. ట్యాంకులో మనకు పనిచేసిపెట్టేవీ క్రిములే! అరిటాకులు అరగవు, పైకి తేలి తెట్టు కడతాయి. రైలు పెట్టెల బయో టాయిలెట్లలోనూ ఇదే కథ. లోపల బ్యాక్టీరియా తన పని చేస్తుంది, పైనుంచి జనం సీసాలు, గుడ్డలు పడేస్తారు, తొట్టి అడ్డుకుంటుంది, తిట్లు మాత్రం టాయిలెట్టుకు.

పోయిన సమావేశంలో ఒకరు "ఒక మనిషిని లోపలికి దించి కడిగిస్తే సరి" అన్నారు. అది వినగానే మాకు చెమట పట్టింది. ఆ విషవాయువు గాఢత పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. దిగినవాడు పడిపోతాడు, కాపాడటానికి దిగినవాడూ పడిపోతాడు. మన పెళ్లి భోజనం ఎంగిలికి ఒక ఇంటి దీపం ఆరిపోకూడదు. ఈ మాట మినిట్సులో రాయించాలి.

షెడ్డు కావాలనేవారు లెక్క అడుగుతున్నారు. ఒక ఘనమీటరు బయోగ్యాసు సుమారు 0.45 కిలోల వంటగ్యాసుకు సమానం. 19 కిలోల సిలిండరంటే సుమారు 42 ఘనమీటర్లు. పెళ్లి వంటంతా దీనిమీద అవుతుందని మేము అనడం లేదు. పాలు, కాఫీ, వేడినీళ్లకు పనికొస్తుంది. ఎంగిలి వీధి మూలకు చేరకుండా ఉంటుంది, మిగిలిన నీళ్లు కొబ్బరిచెట్లకు ఎరువు.

రైల్వే పార్సెల్ ఆఫీసులో పుస్తకంలో ఎక్కకుండా మూట కదలదు. ఈ ట్యాంకుకు పెట్టిననాటి నుంచి పుస్తకమే లేదు. తేదీ, వేసిన మేత బరువు, పి.హెచ్., మంట రంగు, సంతకం: ఐదు గళ్లు చాలు. పనికి ఒకే మనిషి, అతనికి జీతం. హాలు కడిగిన నీళ్లకు వేరే కాలువ. ఆడిలో రోజూ మార్కెట్టు నుంచి కూరగాయల చెత్త తెచ్చి కొద్దిగా మేత.

ఆరు నెలలు ఇట్లా నడపండి. అప్పటికీ మండకపోతే పాత ఇనుము వ్యాపారిని మేమే పిలుచుకొస్తాం. అంతదాకా ఆ తీర్మానానికి చెయ్యి ఎత్తవద్దని సభ్యులందరినీ కోరుతున్నాం.

ఇట్లు,
మండపం అరుగు మీది నలుగురం