గృహవిజ్ఞానము: తుడిచివేసిన రక్షణభాగము



ఈ నెల సోదరి యొకరు మాకిట్లు వ్రాసిరి: "మా యింటి ల్యాప్‌టాప్‌లో స్థలము చాలకుండుటచే, పేరు లేని యొక భాగమును వ్యర్థమని యెంచి తుడిచివేసితిని. అది రికవరీ పార్టిషనని పిమ్మట తెలిసినది. పిల్లల ఛాయాచిత్రములు పోవునా? యంత్రమిక పనికిరాదా?" ఇట్టి భయము పెక్కుమందికి కలుగునది గాన సమాధానమును కొంత విపులముగ వ్రాయుచున్నాను.

ల్యాప్‌టాప్‌లోని డిస్కు ఒకే పెట్టెవలె తోచినను, లోపల అరలుగా విభజింపబడి యుండును. ఈ యరలనే పార్టిషనులందురు. మన పత్రములును, చిత్రములును సాధారణముగ 'సీ' యను అరయందుండును. వేఱొక చిన్న యరలో, విండోసు చెడినప్పుడు దానిని బాగుచేయు సాధనములుండును. దీని పరిమాణము కొన్ని వందల ఎంబీలు. కొందఱు తయారీదారులు విండోసు యొక్క పూర్తి ప్రతిని దాచుటకై 10 మొదలు 20 జీబీల వఱకు గల మఱియొక యరను గూడ నుంచుదురు. ఎవరును పొరపాటున ముట్టకుండుటకై వీనికి అక్షరము పెట్టరు. పేరు లేకుండుటచేతనే యవి యక్కఱలేనివని మనకు దోచును!

మొదట ధైర్యము వహింపుడు. ఆ యరను తొలగించినంత మాత్రమున నడచుచున్న విండోసు ఆగిపోదు. 'సీ' యరలోని చిత్రములు చెడవు. పోయినది మరమ్మతు సాధనము మాత్రమే. కాని విండోసు చెడిన దినమున దాని లోటు తెలియును. కావున యంత్రము చక్కగ నడచుచుండగనే యీ క్రింది పనులు చేయవలయును.

1. చిత్రములను, పత్రములను వేఱొక హార్డ్ డిస్కులోనికి నకలు తీయుడు. ఇది యన్నిటికంటె ముందు పని.

2. ఖాళీ యైన స్థలమున నేమియు వ్రాయకుడు. అరను తొలగించుట యనగా విషయసూచికలో అధ్యాయము పేరు కొట్టివేయుట వంటిది; పుటలు కొంతకాలము నిలిచియుండును. టెస్ట్‌డిస్క్ అను ఉచిత సాధనముతో, తెలిసినవారి సాయమున, దానిని మఱల నిలుపుటకు వీలు కలదు. ఎస్ఎస్‌డీ యైనచో ట్రిమ్ అను ప్రక్రియ యా పుటలను త్వరలో చెఱపివేయవచ్చును గాన ఆశ తక్కువ.

3. కనీసము 8 జీబీల పెన్‌డ్రైవు నొకదానిని తెచ్చి, మైక్రోసాఫ్ట్ వారి వెబ్‌సైటునుండి విండోసు స్థాపక ప్రతిని అందులో సిద్ధపఱుపుడు. పెన్‌డ్రైవులో పూర్వమున్నదంతయు చెఱిగిపోవును గనుక ఖాళీదానిని వాడుడు. 2012లో విండోసు 8 వచ్చినది మొదలు, విండోసుతో అమ్మబడు ల్యాప్‌టాప్‌లలో లైసెన్సు కీ సాధారణముగ మదర్‌బోర్డులోనే యుండును. కావున అదే తరగతి విండోసును తిరిగి స్థాపించుటకు మఱల కొననక్కఱలేదు. విండోసు 10నకు సాధారణ రక్షణకాలము 2025 అక్టోబరు 14తో ముగిసినది. యంత్రము తగినదైనచో విండోసు 11 ప్రతినే గైకొనుడు.

4. బిట్‌లాకర్ తాళము కలదేమో చూచి, దాని రికవరీ కీని కాగితముపై వ్రాసి దాచుడు. అది లేనిచో మరమ్మతువేళ మీ పత్రములు మీకే యందకపోవచ్చును.

ఇచట ముఖ్యమైన హెచ్చరిక యొకటి. రికవరీ భాగము మన చిత్రములను ఎన్నడును కాపాడదు. యంత్రము కొన్ననాటి స్థితికి దానిచే మరలించినచో, పిల్లల పుట్టినరోజు చిత్రములు మొదలుగా మనము చేర్చిన వన్నియు తుడుచుకొనిపోవును. దుకాణమున మరమ్మతునకిచ్చునప్పుడు "ముందుగ మా పత్రములకు నకలు తీసిన పిమ్మటనే రీసెట్ చేయుడు" అని స్పష్టముగ చెప్పవలయును. పైగా ఆ భాగమును అదే డిస్కులోనిది. డిస్కే చెడినచో రెండును పోవును.

మన పెద్దలు విత్తనపు వడ్లను తిండిగింజలతో కలిపియుంచరు. ఇంటిల్లిపాది జ్ఞాపకములకును అట్లే వేఱొక చోటు నేర్పఱచుట గృహిణికి తగిన పని. ఈ ఆదివారమే యొక గంట అందులకు కేటాయింపుడు.